నలభై ఒక్క అంశాలు, ఒకటే ఓటు

గురునాథరావు ఇంట్లో మాట్లాడితే పక్క వీధిలో వాళ్ళు "ఏటి?" అని అడిగేవారు. అందులో ఆయన తప్పేమీ లేదు. ఇరవై తొమ్మిదేళ్ళుగా భిలాయి ఉక్కు ఫ్యాక్టరీలో కోక్ ఓవెన్ల మీద పనిచేస్తున్న మనిషి. అక్కడ ఓవెను తలుపు తెరిచే వేళ పక్కనున్నవాడికి మాట వినబడాలంటే ప్రాణం పెట్టి అరవాలి. షిఫ్టు దిగి మరోదా సెక్టరులో క్వార్టరుకి వచ్చాక కూడా ఆ గొంతు తగ్గేది కాదు. "గున్నా, టీ" అని భార్యని అడిగితే ఎదురింటి అప్పయమ్మ కూడా పొయ్యి మీద నీళ్ళు పెట్టేసేది.

ఈ గొంతు వల్లే ఆయనకి స్పీకరు పదవి వచ్చింది. ఢిల్లీలో కాదు లెండి. మరోదా ఆంధ్ర మిత్ర సంఘం వాళ్ళు ప్రతి ఉగాదికీ ఆడే ఉత్తుత్తి పార్లమెంటులో. ఒకప్పుడు సంఘం వాళ్ళు ఉగాదికి నాటకాలు వేసేవారు. పోనుపోను పద్యం నోరు తిరిగే పిల్లలు కరువయ్యారు. భిలాయిలో పుట్టిన పిల్లలకి తెలుగులో తిట్లు మాత్రమే సవ్యంగా వచ్చు. ఇంతలో టీవీలో పార్లమెంటు చూపించడం మొదలయింది. చూసినవాళ్ళు ఆహా ఇదే నయమనుకున్నారు. మేకప్పు అక్కర్లేదు, పాఠం బట్టీ పట్టక్కర్లేదు, ఎవరు ఎప్పుడు లేచి ఏం అరిచినా సరిపోతుంది.

కానీ గురునాథరావుకి మాత్రం అది ఆట కాదు. నైట్ షిఫ్టు చేసొచ్చి, కళ్ళు మండుతున్నా నిద్రపోకుండా ప్రశ్నోత్తరాల సమయం చూసేవాడు. పాయింట్ ఆఫ్ ఆర్డరు అంటే ఏమిటో, జీరో అవర్లో ఎవరు మాట్లాడవచ్చో ఆయనకి కంఠతా వచ్చు. అన్నిటికంటే ఆయనకి నచ్చిన మాట గిలెటిన్. బడ్జెట్ వేళ గడువు ముంచుకొస్తే, చర్చ జరగని పద్దులన్నీ ఒక్క గుత్తిగా కలిపేసి, "అనుకూలమైనవారు అవుననండి" అని స్పీకరు ఒక్క మాటతో దేశం మొత్తాన్ని ఒడ్డెక్కించేస్తాడట. అది విన్నప్పుడల్లా గురునాథరావు తొడ చరుచుకునేవాడు.

ఆయనకి పార్లమెంటు కన్నా ప్రాణమైనది మరొకటి ఉంది. సంఘం హాలు వెనక, పది అడుగుల గదిలో తెలుగు లైబ్రరీ. డెబ్భై ఆరులో ఆయనే పెట్టాడు. భిలాయి వదిలి వెళ్ళిపోయే కుటుంబాలు సామాను తేలిక చేసుకోడానికి పారేసిన పుస్తకాలే దానికి పెట్టుబడి. ఏడువందల పన్నెండు పుస్తకాలు చేరాయి. అన్నింటికీ ఖాకీ అట్టలు వేసి, నంబర్లు రాసి, షిఫ్టు లేని సాయంత్రాలు ఆరు నుంచి ఎనిమిది దాకా తలుపు తీసి కూర్చునేవాడు. వచ్చేవాళ్ళు ముగ్గురు. అందులో అప్పయమ్మ ఒకే వ్రతకథల పుస్తకాన్ని పదకొండేళ్ళుగా తీసుకెళ్ళి తెస్తోంది. పిల్లలు గుమ్మంలోంచి తొంగిచూసి, "నానాజీ, హిందీ మే కుఛ్ హై క్యా?" అని హిందీ పుస్తకాలు అడిగి పోయేవారు. అయినా తలుపు తీయడం మానలేదు. ఏడాదిన్నరలో రిటైరవుతాడు. ఆ తరవాత రోజుకి రెండు గంటలైనా తనకో పని ఉందనిపించేది ఆ గదే. అది లేకపోతే సాయంత్రం ఆరింటికి ఎక్కడికి వెళ్ళాలో ఆ మనిషికి తెలియదు.

ఇక సంఘం సంగతి. నియమావళి ప్రకారం ఏ తీర్మానం చేయాలన్నా సర్వసభ్య సమావేశంలో అరవై మంది ఉండాలి. ఆరేళ్ళుగా ఒక్కసారీ అరవై మంది రాలేదు. ఎ షిఫ్టు వాళ్ళు వస్తే బి షిఫ్టు వాళ్ళు రారు, క్రికెట్ ఉంటే ఎవరూ రారు. తీర్మానాలు మాత్రం పేరుకుపోతూనే ఉన్నాయి. సభ్యులందరూ మగవాళ్ళే, ఎందుకంటే సభ్యుడంటే "ఉద్యోగం చేయు కుటుంబ యజమాని" అని అరవైలలో ఎవరో రాసి పడేశారు.

గున్నమ్మకి ఆ మాట మీద కోపం. గురునాథరావుకి ఆమె మేనమామ కూతురు, బావా అనే పిలుస్తుంది. ఇరవై ఎనిమిది ఉగాదులకి సంఘం పులిహోర ఆమే కలిపింది. ఒకసారి పులిహోరకి ఎన్ని కిలోల బియ్యం పోయాలన్న దాని మీద కమిటీలో పెద్ద చర్చ జరిగింది. వండే మనిషి గుమ్మం బయట నిలబడితే, అన్నం వార్చడం కూడా రాని పద్నాలుగు మంది చేతులెత్తి తేల్చారు. తప్పు తేల్చారు. ఆ ఏడాది సగం మంది ఆకులు ముందేసుకుని కూర్చుని ఉత్తచేతులతో లేచారు, మాట మాత్రం గున్నమ్మకి వచ్చింది. అప్పట్నించీ ఏడాదికోసారి మొగుణ్ణి అడిగేది: "బావా, ఆ మెంబర్ల పుస్తకంలో నా పేరు ఎప్పుడు రాస్తారు?"

"కోరం లేదే గున్నా" అనేవాడు గురునాథరావు.

తొంభై ఏడు ఉగాదికి ముందు సంఘం కార్యదర్శి పార్థసారథికి ఓ ఆలోచన వచ్చింది. ఆయనది ప్లాంటులో టైమ్ ఆఫీసు ఉద్యోగం. మనిషి వచ్చాడా లేదా అన్నది కాగితం చెప్పాలి గాని మనిషి చెప్పకూడదని నమ్మేవాడు.

"గురునాథరావు గారూ, మనవాళ్ళు సమావేశానికి రారు, పులిహోరకి వస్తారు. అవునా?" అన్నాడు. "ఉగాది పార్లమెంటూ, సర్వసభ్య సమావేశమూ రెండూ ఒకటే చేసేద్దాం. ఆరేళ్ళ తీర్మానాలన్నీ ఒకే బిల్లుగా రాసేస్తాను. మీరు స్పీకరు. సాయంత్రం ఐదింటికి గిలెటిన్ వేసెయ్యండి. ఆటకి ఆటా అవుతుంది, మినిట్స్ బుక్కులోకి తీర్మానాలూ ఎక్కుతాయి."

గిలెటిన్ అన్న మాట వినగానే గురునాథరావు కరిగిపోయాడు. ఇంకేమీ అడగలేదు.

పార్థసారథి వారం రోజులు కూర్చుని బిల్లు రాశాడు. సుపేలా బజారంతా తిరిగినా తెలుగు టైపు మిషను దొరకలేదు. కార్బన్లు పెట్టి, చేత్తో నొక్కి నొక్కి ఐదు కాపీలు తీశాడు. పదకొండు పేజీలు, నలభై ఒక్క అంశాలు. దాని పేరు "వివిధ విషయాల (కొనుగోలు, సవరణ, తొలగింపు, అభినందన, సంతాప) బిల్లు, 1997". అందులో హార్మోనియానికి కొత్త తిత్తి ఉంది. కాంపౌండులోకి ఆవులు రాకుండా ముళ్ళకంచె ఉంది. విశాఖ వెళ్ళే రైలుకి ఒక పెట్టె ఎక్కువ తగిలించాలని రైల్వే మంత్రికి విన్నపం ఉంది. శ్రీరామనవమి పందిట్లో ఉపన్యాసం ఐదు నిమిషాలు దాటితే మైకు ఆపేసే అధికారం ఉంది. ప్రపంచ శాంతి ఉంది. ప్రపంచ శాంతికి కిందనే దోసెల పెనం ఉంది. పాపం గోవిందరావు అనే సభ్యుడు మూడు చోట్ల ఉన్నాడు: ఆరో అంశంలో ఫోర్‌మన్ అయినందుకు అభినందన, పంతొమ్మిదో దాంట్లో రిటైరైనందుకు శుభాకాంక్షలు, ముప్పై మూడో దాంట్లో సంతాపం. ఆరేళ్ళ కోరం లోటు ఆయన్ని అంత దూరం తీసుకెళ్ళిపోయింది.

ఇరవై ఎనిమిదో అంశం ఆడవాళ్ళకి సభ్యత్వం. ఢిల్లీలో ఆడవాళ్ళ సీట్ల బిల్లు నలుగుతున్న రోజులవి గాని, పార్థసారథి దాన్ని పెట్టింది అందుకు కాదు. మగవాళ్ళు నలభై మూడు మంది కంటే ఎక్కువ రారని ఆయన లెక్క. ఆడవాళ్ళని కలిపితే గాని అరవై దాటదు. అందుకని "ఈ రోజు ఉదయం నుంచే అమలు" అని రాశాడు. బిల్లు పాసైతే ఆడవాళ్ళు సభ్యులు. వాళ్ళు సభ్యులైతే కోరం ఉన్నట్టు. కోరం ఉంటే బిల్లు పాసైనట్టు. ఇది రాసుకున్న సాయంత్రం పార్థసారథి తన భుజం తనే తట్టుకున్నాడు.

ఐదు కాపీల్లో ఒకటి ఆటలో ప్రధానమంత్రికి, ఒకటి ప్రతిపక్ష నాయకుడికి, ఒకటి ఆహార శాఖ మంత్రికి ఇచ్చి, ఒకటి తను ఉంచుకున్నాడు. అన్నిటికంటే అడుగునున్న ఐదో కాపీ స్పీకరుకి వచ్చింది. అది కాగితం మీద నీడలా ఉంది, ఒక్క ముక్కా చదవడానికి లేదు.

"మీరు చదవక్కర్లేదండీ, అడిగితే చాలు" అన్నాడు పార్థసారథి.

ఉగాది తరవాతి ఆదివారం హాలు నిండిపోయింది. ఓటు వేసేవాళ్ళు అరవై ఇద్దరు. కుడివైపు పాలకపక్షం, ముప్పై రెండు కుర్చీలు. ఎడమవైపు ప్రతిపక్షం, ముప్పై. ప్రధానమంత్రి చిట్టిబాబు, షామియానాలూ కుర్చీలూ అద్దెకిచ్చే కుర్రవాడు, భిలాయిలోనే పుట్టి పెరిగాడు. ఆహార శాఖ మంత్రి గున్నమ్మ. పులిహోర దించి, చేతులు కడుక్కుని, కొత్త నేత చీరలో వచ్చి మొదటి వరసలో కూర్చుంది. ప్రతిపక్ష నాయకుడు కృష్ణమోహన్ ఆ గోవిందరావుకే అల్లుడు.

చర్చ మూడింటికి మొదలైంది. ప్రతిపక్షమన్నాక వ్యతిరేకించాలి కదా. కృష్ణమోహన్ లేచి, "అధ్యక్షా! ఈ బిల్లుని తీవ్రంగా ఖండిస్తున్నాం!" అన్నాడు.

"మీ మావగారి సంతాపాన్ని కూడానా?" అని పాలకపక్షం కేకలేసింది.

"మా మావగారిని కూడా ఖండిస్తున్నాం! ఏం చేస్తాం, మాకు ఆ వైపు కుర్చీలిచ్చారు" అన్నాడు కృష్ణమోహన్. వెనక, చూడ్డానికి వచ్చినవాళ్ళలో కూర్చున్న అతని భార్య లేచి వెళ్ళిపోయింది. ఆవుల కంచె కావాలని నాలుగేళ్ళు పోరిన మనిషి ఎడమవైపు కూర్చున్న పాపానికి ఆవుల స్వేచ్ఛ గురించి పది నిమిషాలు మాట్లాడాడు. బాగా మాట్లాడాడు కూడా. గురునాథరావు ఎత్తుకుర్చీలో కూర్చుని "ఆర్డర్! ఆర్డర్!" అంటుంటే మైకు అక్కర్లేకపోయింది. ఆ రెండు గంటలు ఆయన జన్మ ధన్యమైపోయింది.

ఐదు కావస్తుండగా గున్నమ్మ లేచి నిలబడింది. ఆమె మాత్రమే బిల్లు చదివింది. మొదటి పేజీ నుంచి వేలు పెట్టుకుంటూ, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, అరుపుల మధ్యే చదువుతూ వచ్చింది.

"అధ్యక్షా" అంది. ఇంట్లో బావా అనే మనిషి అలా అనేసరికి అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. "ముప్పై ఐదోది చదువుతాను, ఆలకించండి. 'హాలు వెనక గదిని ఖాళీ చేసి కుర్చీలు, షామియానా సామాను పెట్టుకొనుటకు ఇచ్చుట. పుస్తకములను తగు రీతిని సర్దుబాటు చేయుట.' ఇదేటి? ఇది ఎవులు పెట్టేరు?"

చిట్టిబాబు తల గోక్కున్నాడు. "అరే పిన్నీ, నేనే పెట్టేను. అక్కడెవరూ చదవట్లేదు కదా. బాబాయ్‌కి కాపీ ఇచ్చారు, చూసే ఉంటారనుకున్నా."

గురునాథరావు తన చేతిలో నీడలాంటి కాగితాల వైపు చూశాడు. నోరు తెరిచినా లాభం లేదు. స్పీకరు చర్చలో మాట్లాడకూడదని ఏటేటా అందరికీ చెప్పింది తనే. గోడ గడియారం ఐదు కొట్టింది. పార్థసారథి కింద నుంచి "గిలెటిన్, గిలెటిన్" అని సైగ చేస్తున్నాడు. ఆవకాయ జాడీ మూత తీసిన వాసన వస్తోంది, జనం కుర్చీల్లో కదులుతున్నారు. గురునాథరావు అలవాటు చొప్పున, నేర్చుకున్న పాఠమే అప్పజెప్పాడు.

"బిల్లు మొత్తం సభ ముందు ఉంచుతున్నాను. అనుకూలమైనవారు అవుననండి."

అప్పుడు గున్నమ్మ కుర్చీ వదిలింది. చీర కుచ్చిళ్ళు ఓ చేత్తో ఎత్తిపట్టుకుని, నడిమి ఖాళీ దాటి, ఎడమవైపుకి వెళ్ళి కృష్ణమోహన్ పక్కన కూర్చుంది. కూర్చుని, కాదనేవాళ్ళతో పాటు చెయ్యెత్తింది.

హాలు గొల్లుమంది. "ఫిరాయింపు! ఫిరాయింపు!" అని కేకలు, ఈలలు. గురునాథరావు కళ్ళు మసకబారాయి. ఆ బిల్లులో ఆమె ఎన్నో ఏళ్ళ కోరిక ఉంది. దాన్ని మొగుడి గది కోసం కాలదన్నుకుంటోంది. ఎవరూ చదవని ఆ పుస్తకాల కోసం.

పార్థసారథి తలలు లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. "ముప్పై ఒకటి. ముప్పై ఒకటి."

"పిన్నీ ఓటు చెల్లదు! బిల్లు పాస్ కాలేదు కదా, ఆమె ఇంకా మెంబరు కాదు" అన్నాడు చిట్టిబాబు.

పార్థసారథి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆవిడ మెంబరు కాకపోతే మిగతా పద్దెనిమిది మంది ఆడవాళ్ళూ కారు. వాళ్ళు కాకపోతే కోరం లేదు. కోరం లేకపోతే సమావేశమే లేదు. అంటే చిట్టిబాబూ, నువ్విప్పుడు ఇక్కడ కూర్చుని లేవు."

చిట్టిబాబు తన కుర్చీ వైపు ఓసారి చూసుకున్నాడు. "అరే యార్, ఇది ఆట కదా!"

"ఆటే. మినిట్స్‌లో ఎక్కే ఆట" అని పార్థసారథి ఎత్తుకుర్చీ వైపు తిరిగాడు. "ఓట్లు సమానం. ఇప్పుడు నిర్ణాయక ఓటు స్పీకరు గారిది. సంప్రదాయం ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచే వైపే స్పీకరు ఓటెయ్యాలి."

చెప్పక్కర్లేదు. ఆ సంప్రదాయాన్ని గురునాథరావే ప్రతి ఉగాదికీ గొప్పగా వివరించేవాడు. 'కాదు' అంటే చాలు. గది ఉంటుంది. రేపు సాయంత్రం ఆరింటికి తలుపు తీసుకోవచ్చు. తప్పు పట్టేవాడు ఉండడు, పైగా రూలు ప్రకారం నడిచాడంటారు. ఆ 'కాదు' నాలుక చివరికి వచ్చేసింది కూడా.

గున్నమ్మ ఆయన వైపు చూడటం లేదు. ఒళ్ళో ఆ పదకొండు పేజీలు మడిచి పెట్టుకుని, అయిపోయిన పనిని చూసే మనిషిలా ఎదుటి గోడకేసి చూస్తోంది. కోరం లేదే గున్నా అని తను ఎన్నిసార్లు అన్నాడో గురునాథరావుకి ఒక్కసారి గుర్తొచ్చింది. ఒక్కసారైనా కోరం కోసం నలుగురిళ్ళకి తిరిగాడా? లేదు. లైబ్రరీకి పుస్తకాల కోసం మాత్రం సెక్టర్లన్నీ సైకిలు మీద తిరిగాడు. ఆయనకి సిగ్గేసింది.

"అవును" అన్నాడు.

ఎంత నెమ్మదిగా అన్నాడంటే పార్థసారథి "ఏమన్నారు?" అని అడగాల్సి వచ్చింది.

"అవునన్నాను. బిల్లు నెగ్గింది. అవునన్నవారిదే గెలుపు, అవునన్నవారిదే గెలుపు."

"సంప్రదాయం..."

"తెలుసు" అని గురునాథరావు కుర్చీ దిగాడు. ఆ విధంగా ప్రపంచ శాంతి, దోసెల పెనం, గోవిందరావు ఆత్మశాంతి ఒక్క దెబ్బకి ఆమోదం పొందాయి. జనం పులిహోర మీద పడ్డారు.

మర్నాడు పార్థసారథి సభ్యుల పుస్తకం తెచ్చి క్వార్టరులోనే గున్నమ్మ చేత సంతకం పెట్టించుకున్నాడు. ఆమె సంతకం పెట్టి, ఇంకు ఆరేదాకా దాని కేసే చూసింది. సంతోషించిందా అంటే సంతోషించింది, దాచుకోలేదు కూడా. వెళ్ళి అప్పయమ్మకి చెప్పి వచ్చింది. పై ఆదివారం మొగుడూ పెళ్ళామూ ఆటో మాట్లాడుకుని, పుస్తకాలు చీరల్లో మూటలు కట్టి, ఆరు విడతలుగా ఇంటికి చేరేశారు. చిట్టిబాబు కూడా వచ్చి మోశాడు, "మాఫ్ కరో బాబాయ్" అని మూట మూటకీ అంటూ. ముందుగది నిండిపోయి, నడవడానికి జానెడు దారి మిగిలింది.

అంతా అయ్యాక గున్నమ్మ ఓ మూట మీద కూర్చుని చెమట తుడుచుకుంది.

"బావా, ఒక మాట అడుగుతాను. అన్నీ కలిపి ఒక్కసారే ఎందుకడిగేవు? ఇరవై ఎనిమిదోది వేరే, ముప్పై ఐదోది వేరే, ఒక్కొక్కటీ అడగరాదా? అలాగ అడగడానికి రూలు లేదా?"

గురునాథరావు తల వంచుకున్నాడు. "ఉంది. ఏ అంశానికి ఆ అంశం విడిగా పెట్టమని స్పీకరు అనవచ్చు."

"మరి?"

"తోచలేదు గున్నా. గిలెటిన్ వెయ్యాలన్న సరదాలో పడిపోయేను."

"అలాగ అడిగుంటే ఒకదానికి ఔననీదాన్ని, ఒకదానికి కాదనీదాన్ని. నా పేరూ ఉండీది, నీ గదీ ఉండీది." ఆమె గొంతులో కోపం లేదు, అదే ఆయనకి ఎక్కువ బాధేసింది. "ఇంట్లోనూ నీది ఇదే వరస. మీ అన్నకి ఉత్తరం రాసీసేను, ఊరికి టిక్కెట్లు తీసీసేను, గోడలకి నీలం రంగు చెప్పీసేను, సరేనా? అంటావు. ఏ ఒక్కదానికి నాను సరే అనాలి? అన్నిటికీ కలిపి ఊఁ అనీడమే అలవాటయిపోనాది."

ఆఖరి మూట ఇంకా ఆయన చేతుల్లోనే ఉంది. దాన్ని ఎక్కడ దించాలో చూశాడు. కిటికీ కింద పెడదాం, సాయంత్రాలు వీధి వైపు తలుపు తీసి ఇక్కడే లైబ్రరీ నడుపుదాం, నీ కుట్టు మిషను వెనక్కి జరుపుదాం, ఇవన్నీ కలిసి ఒక్కసారే నోటిదాకా వచ్చాయి. మింగేశాడు.

"ఈ మూట ఎక్కడ పెట్టమంటావు?" అని అదొక్కటే అడిగాడు.

గున్నమ్మ లేచి ముందుగది చూసింది, వంటగదిలోకి వెళ్ళి చూసింది, మళ్ళీ వచ్చి కిటికీ దగ్గర నిలబడి ఆలోచించింది. చేతులు లాగేస్తున్నా గురునాథరావు ఆ మూట దించకుండా పట్టుకుని, ఆమె చెప్పేదాకా అలాగే నిలబడ్డాడు.